అనపకాయల గోతం, నా గుడ్‌మార్నింగులు

ముందే ఒప్పుకుంటాను, ఆనక నన్ను అనొద్దు. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా వీధిలో నాలుగు చినుకులు పడితే నా నోట్లోకి వచ్చేసరికి అది వరద. ఎదురింటి కుక్క మొరిగితే నా లెక్కలో తోడేలు. పెండ్లయిన కొత్తల్లో మా ఆవిడ నా మాటలన్నీ నమ్మి, పాపం, చాలా భయపడింది. ఇప్పుడు నేనేం చెప్పినా పదితో భాగించుకుంటుంది. మీరూ ఆ భాగహారం చేతిలో పెట్టుకొనే చదవండి. నేను మాత్రం నా గుణకారం మానుకోను.

మదనపల్లెలో నాకు జిరాక్సు అంగడి ఉంది. ఒకప్పుడు దాని ముందర జనం టమోటా మండీ కాడ లారీల మాదిరి వరుసగా నిలబడేవాళ్లు. సెల్ ఫోన్లు వచ్చినాక ప్రతి మనిషీ కాగితాన్ని ఫోటో తీసుకొని జేబులో వేసుకొని పోతున్నాడు. అంటే నన్ను ముంచింది సెల్ ఫోను. మునిగినాక నేను పట్టుకున్న కొయ్యముక్కా సెల్ ఫోనే. పొద్దున అంగడి తలుపు ఎత్తి, మిషను మీద దుమ్ము దులిపి, కుర్చీలో కూర్చొని ఫోను చేతిలోకి తీసుకుంటే మళ్లీ తల ఎత్తేది మా ఆవిడ అన్నం క్యారియరు తెచ్చి బల్ల మీద ఠప్పున పెట్టినప్పుడే. తోసి తోసి నా కుడిచేతి బొటనవేలు ఎడమదాని కంటే అంగుళం పొడుగు పెరిగింది. అంగుళం కాదులెండి. కాని పెరిగింది.

మేము ముగ్గురం తోబుట్టువులం. పెద్దది అక్క, నడిమివాణ్ణి నేను, చిన్నది చెల్లెలు. అక్కను పుంగనూరు పక్కన మా సొంత పల్లెలోనే ఇచ్చినారు. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండు వీధుల దూరం. అత్తగారి మీద కోపమొస్తే పొయ్యి మీద చారు పొంగేలోపల అమ్మకు చెప్పుకొని తిరిగిరావచ్చు, అంత దగ్గర. నేను మదనపల్లె పట్టిపోయినాక మా నాయన చేను కూడా అక్కా బావలే చేస్తున్నారు. చెల్లెలిని మాత్రం కుప్పంలో ఇచ్చినాము. ఆ కాలంలో కుప్పం పోవాలంటే పుంగనూరు, పలమనేరు దాటి, ఇంకా దాటి, ఆంధ్రదేశం అయిపోయిందేమో అనుకునేదాకా బస్సు పోతానే ఉండేది.

మా అమ్మ పెట్టిన కట్టడి ఒకటి ఉంది మా ఇంట్లో. చలికాలంలో మా చేనులో అనపకాయలు కాస్తాయి. మంచు పడి జిడ్డు పట్టిన కాయ వలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనే రెండు వేళ్ల నడుమ పితికితే పైతోలు జారి పప్పు బయటికి దూకుతుంది. ఆ పితికిన పప్పు కూర, రాగి సంగటి ఎదురుగా ఉంటే మా వాళ్లకు మోక్షం గురించి ఎవరు చెప్పినా వినపడదు. తొలికోత కాయలు దూరాన ఇచ్చిన ఆడబిడ్డకు పోవాల. ఆ బిడ్డ వండుకొని తిని, "తిన్నాను" అని చెప్పాల. ఆ మాట వచ్చినాకే పుట్టింట్లో పొయ్యి మీద పప్పు ఎక్కాల. అమ్మ పోయినాక ఆ కట్టడిని అక్క ఇంకా గట్టిగా పట్టుకుంది. కుప్పం సంతలో అనపకాయలకు కరువేమీ లేదు, కుప్పలు పోసి అమ్ముతారు. కాని అవి సంతవి. ఇవి ఇంటివి.

కాయలు పోయేది బస్సులో. అక్క గోతం నింపి, మూతికి పాత చీర పేలిక కట్టి, పుంగనూరులో కుప్పం బస్సు ఎక్కించి, కండక్టరు చేతికి అప్పజెప్పి, "మా సెల్లెలు వచ్చి ఎత్తుకుంటాది నాయనా" అని చెప్పి దిగేది. పదేండ్ల కిందట దానికి మూడు రింగుల సంకేతం ఉండేది. మూడు రింగులు ఇచ్చి పెట్టేస్తే గోతం ఎక్కినట్టు. చెల్లెలు తిరిగి ఒక్క రింగు ఇస్తే సరే అన్నట్టు. గోతం చేరి, పప్పు ఉడికినాక మాత్రం రింగులతో సరిపెట్టుకునేవాళ్లు కాదు. గంటసేపు మాటలే. ఉప్పు ఎంత వేసినావు, కాయ ముదురా లేతా, పక్కింటామెకు ఒక గిన్నె ఇచ్చినావా, ఆమె ఏమన్నాది.

ఈ చక్కని ఏర్పాటును బాగుచేసిన మహానుభావుణ్ణి నేనే. మూడేండ్ల కిందట ముగ్గురి ఇండ్లనూ కలిపి ఫోనులో ఒక గ్రూపు పెట్టి, "ఇంక ఒక్కొక్కరికీ ఫోన్లు చేసే పని లేదు. ఎవరికి ఏం చెప్పాలన్నా ఈడ ఎయ్యండి. ఒక్క దెబ్బకు అందరికీ తెలిసిపోతాది" అని ప్రకటించినాను. ప్రకటించి ఊరుకున్నానా? గ్రూపు ఖాళీగా ఉంటే చూసేదానికి బాగుండదని పొద్దున్నే గుడ్‌మార్నింగు బొమ్మలు పెట్టడం మొదలుపెట్టినాను. మొదట రోజుకు ఒక గులాబీ. తర్వాత గులాబీకి తోడు కాఫీ కప్పు. తర్వాత రామచిలుక, సూర్యోదయం, నవ్వే పసిబిడ్డ, జారే జలపాతం. చివరికి నేను పెట్టే పూలకు పలమనేరు పూల అంగళ్లవాళ్లు అసూయపడే స్థితి వచ్చింది. ఎవరైనా ఏమైనా పెడితే దానికి నా జవాబు ఒకటే, బొటనవేలి బొమ్మ. చూసినా బొటనవేలే, చూడకపోయినా బొటనవేలే.

పోయిన చలికాలం ఒకనాటి పొద్దున ఏడున్నరకు అక్క కుప్పం బస్సు మొగాన్ని ఫోటో తీసి గ్రూపులో వేసింది. అక్కకు టైపు చేసేది రాదు. ఫోటో కింద నోటిమాట రికార్డు చేసి పెట్టింది: "అబ్బోడా, గోతం ఎక్కించినాను. పదకొండుకంతా కుప్పం చేరతాదంట. అది ఫోను సూస్తాదో లేదో, నువ్వొక మాట చెప్పు దానికి." పన్నెండు సెకన్ల మాట. నేను ఆ నిమిషంలో ఏడు గులాబీల నడుమ ఏది బాగుందో తేల్చుకోలేక ఏడూ పంపే పనిలో మునిగి ఉన్నాను. అక్క మాట వినకుండానే దానికి ఒక బొటనవేలు అంటించి మళ్లీ గులాబీల్లోకి దిగినాను.

చెల్లెలు నా పూల వాన తట్టుకోలేక గ్రూపుకు ఎప్పుడో నోరు మూసి పెట్టింది. ఏది వచ్చినా ఆమె ఫోను కిక్కురుమనదు. సాయంత్రం పూట చూడని మెసేజీల అంకె పోయేదానికి ఒకసారి తెరిచి, సర్రున కిందికి తోసి మూసేస్తుంది. ఆనాడూ అట్లే తోసింది. పుంగనూరులో అక్క ఫోనులో టిక్కులు నీలంగా మారినాయి. చూసింది, చూసి కూడా మాట్లాడలేదు అని అక్క అనుకుంది. చూపు వేరు, వినికిడి వేరు అని ఆ నీలం టిక్కుకు ఎట్లా తెలుస్తుంది? గోతం సంగతే తెలియని చెల్లెలేమో ఈ ఏడు అక్క నన్ను మరిచిపోయింది అనుకుంది.

ఇదంతా నాకు ఆనక తెలిసిన సంగతి. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, రెండు రోజుల తర్వాత అక్క స్టేటస్‌లో ఆరిపోయే దీపం బొమ్మ, దాని కింద "నమ్మినవాళ్లే నట్టేట ముంచుతారు" అని బొమ్మతోనే వచ్చిన అక్షరాలు. నేను చూసినాను. బొటనవేలు పెట్టినాను. మరుసటి రోజు చెల్లెలి స్టేటస్‌లో తీగమీద ఒంటరి పిట్ట, "గుర్తు పెట్టుకునేవాళ్లకే మనం గుర్తుంటాం" అని. దానికీ బొటనవేలే. దీంతో అక్క తమ్ముడు నాపక్క అనుకుంది, చెల్లెలు అన్న నాపక్క అనుకుంది. ఇద్దరికీ బలం వచ్చింది. వారం తిరిగేసరికి ఒకవైపు దీపాలు, ఒకవైపు పిట్టలు, స్టేటస్సులు కురుక్షేత్రం అయిపోయినాయి. ఫోనులో అక్క పేరు పక్కన ఉండే మొగం బొమ్మలో అక్కాచెల్లెలిద్దరూ భుజం మీద చేయి వేసుకొని ఉన్న ఫోటో పోయి వట్టి తులసిచెట్టు వచ్చింది. చెల్లెలి బొమ్మలో ఏమీ లేదు, బూడిదరంగు తలకాయ. పదహైదో రోజు చెల్లెలు గ్రూపులోంచి బయటికి పోయింది. "వెళ్లిపోయారు" అని ఆ సన్నటి అక్షరాలు చూసినప్పుడు నా అంగట్లో జిరాక్సు మిషను దానంతట అదే ఒక తెల్లకాగితం బయటికి కక్కింది.

అక్కకు ఫోను చేసినాను.

"ఏమైందక్కా?"

"ఏమీ లేదు."

చెల్లెలికి చేసినాను.

"ఏందమ్మా, గ్రూపులోంచి పోయినావు?"

"ఏమీ లేదన్నా. బాగుండాను."

మా వంశంలో "ఏమీ లేదు" అన్నారంటే అర్థం, కొంప మునిగింది గాని నీకు చెప్పము అని.

మునిగేది ఏమిటో మళ్లీ అక్కకు చేసిన మూడో ఫోనులో తెలిసింది. అక్క కుడికంటికి శుక్లం ముదిరి, మదనపల్లెలో ఆపరేషనుకు డాక్టరు సోమవారం రమ్మని ఉన్నాడు. ఆపరేషను తర్వాత రోజుకు ఆరుసార్లు కంట్లో మందు చుక్కలు వెయ్యాల. చెల్లెలు వచ్చి నెలరోజులు ఉండి వేస్తానని దసరా అప్పుడే మాట ఇచ్చింది. అక్కకు కన్ను అంటే ప్రాణభయం. చిన్నప్పటినుంచి కంట్లో నలుసు పడితే చెల్లెలే తీయాల, ఇంకొకరి వేలు దగ్గరికి వస్తే ఊరు ఎగిరిపోయేట్టు అరుస్తుంది. ఇప్పుడేమో నాతో, "ఆపరేషనొద్దులే అబ్బోడా. ఉండే సూపు సాలు. ఇంకెవరిని సూడాల నేను?" అన్నది.

ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆ మరునాడు మధ్యాహ్నం బావ ఫోను చేసినాడు. బావ మాట్లాడేది తక్కువ. పెండ్లయినాక అక్కతో మొదటిమాట అన్నది కూడా మూడోరోజు అని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ మనిషి ఆనాడు నేను హలో అనేలోపలే మొదలుపెట్టినాడు.

"ఏమప్పా బామ్మర్దీ. చేన్లో అనపకాయలు గుత్తులు గుత్తులు వేలాడతాండాయి. ఊరంతా పితుకుతాండారు. మాయింట్లో మాత్రం పప్పు లేదు. ఇరవై రెండు దినాలాయె. పక్కింట్లో తాలింపు వేస్తే నేను గోడకు ముక్కు ఆనించి నిలబడుకుంటాండాను. నాకు ఈ గతి యాల?"

"అక్కను అడగలేదా బావా?"

"అడిగినాను. 'దూరాన ఉండే బిడ్డ తిన్నానని చెప్పలేదు, నేనెట్ల వండేది' అంటాది. గోతం పోయిందంట, ఆ పాప ఎత్తుకుందంట, ఒక మాట గూడా చెప్పలేదంట. 'గ్రూపులో వేసినా, తమ్ముడు బొటనేలు గూడా పెట్టినాడు, చెప్పకుండా ఉంటాడా?' అంటాండాది."

బొటనేలు అన్న మాట వినేసరికి నా బొటనవేలు చల్లబడింది. ఫోను పెట్టేసి గ్రూపును వెనక్కి తోయడం మొదలుపెట్టినాను. బావి తవ్వినట్టు తవ్వినాను. ఇరవై రెండు రోజుల లోతు. పైన గులాబీల పొర, కింద కాఫీ కప్పుల పొర, దాని కింద జలపాతాలు. చెమట పట్టింది. చిట్టచివర, రామచిలుకకూ నవ్వే పసిబిడ్డకూ నడుమ, కుప్పం బస్సు మొగం కనిపించింది. దాని కింద అక్క మాట. ఆ మాట మీద నా బొటనవేలు. మొదటిసారి చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. "నువ్వొక మాట చెప్పు దానికి."

మనిషి గుణం చూడండి. నేను చేసిన మొదటి పని ఏడ్వడం కాదు, నా బొటనవేలును ఎట్లా పీకేదా అని వెతకడం. అది సులభంగానే ఊడి వచ్చింది. ఊడినా లాభమేమి? అక్క బావకు కూడా చెప్పేసి ఉంది. సరే, ఆనాటి నా గులాబీలనైనా అందరి ఫోన్లలోంచి తుడిచేద్దామని నొక్కితే, గడువు దాటింది, నీ ఒక్కడికి మాత్రమే తుడిచిపెడతానని ఫోను చెప్పింది. అంటే, నా తప్పు నా ఒక్కడికే కనపడకుండా చేసుకోవచ్చు. ఇంత తెలివైన యంత్రం మన ఇండ్లలోని పెద్దమనుషులను చూసే తయారుచేసి ఉండాల.

అంతలో అన్నం క్యారియరు ఠప్పుమన్నది.

"ఏమైంది? మొగం అట్లుండాది?" అన్నది మా ఆవిడ.

"ఏమీ లేదు."

"మీ ఇంటివాళ్లు ఏమీ లేదన్నారంటే పెద్దదే ఉంటాది. ఇటియ్యండి ఫోను."

ఇచ్చినాను. విన్నది. గులాబీలు చూసింది. నన్ను చూసింది. ఆ చూపును మీరు దేంతో భాగించినా తగ్గదు.

"ఇప్పుడే ఫోను చేసి చెప్పండి ఇద్దరికీ. రెండు నిమిషాల పని."

"ఇట్లాంటివి ఫోనులో చెప్పేది కాదు. మనిషి పోవాల. ఎదురుగా నిలబడి చెప్పాల."

"భయమా?"

"మర్యాద."

"ఓహో. ఇన్నాళ్లూ ఈ మర్యాద యాడ దాచిపెట్టుకొని ఉండారు?"

మరునాడు తెల్లారేసరికి కుప్పం బస్సులో ఉన్నాను. ముందు గోతం సంగతి తేల్చుకోవాల, తర్వాత చెల్లెలింటికి పోవాల అని నా ఆలోచన. అసలు నిజం ఏమిటంటే, చెల్లెలింటికి పోయేది ఎంత ఆలస్యమైతే అంత మంచిదని. బస్సులో పక్క సీటాయన పలమనేరు దాకా ఫోను చెవికి పెట్టుకొని "ఆ... ఆ... వస్తాండాను... ఆ... వచ్చేసినా... ఇదో గేటు కాడుండాను" అంటానే ఉన్నాడు. దిగేది ఎక్కడయ్యా అంటే వీకోట అన్నాడు. ఇంకా గంట దారి ఉంది. నేను పెంచేవాణ్ణని నాకు చెడ్డపేరు గాని, సెల్ ఫోనులో ఎక్కడున్నావంటే నిజం చెప్పిన మనిషిని ఈ తాలూకాల్లో ఎవరైనా చూసినారా?

కుప్పం బస్టాండులో ఒక టీ అంగడి ఉంది. దాన్ని నడిపే ఆమె తెలుగులో మొదలుపెట్టి తమిళంలో తిట్టి కన్నడంలో చిల్లర ఇచ్చే రకం. ఇరవై రోజుల కిందట పుంగనూరు నుంచి గోతం ఏమైనా వచ్చిందా అమ్మా అని అడిగినాను. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి నావైపు తిరిగింది.

"పాత సీర పేలిక కట్టిండే గోతమా? ఎర్రంచుది?"

"ఆ, అదే."

"ఏం మనుషులప్పా మీరు! కండక్టరు దించి, 'ఎవురో వచ్చి ఎత్తుకుంటారంట' అని నా అంగిడి ముందర పెట్టి పోయినాడు. రెండు దినాలు అలిగిన అల్లుడి మాదిరి అట్లే కూసోనుండాది. పోయే ప్రతి ఆడమనిషినీ అడిగినాను, నీదామ్మా నీదామ్మా అని. మూడో దినానికి కాయ వాడుమొగం పట్టె. అన్నం వస్తువు సామీ, కుళ్లబెడితే పాపం. వలిచి, పితికి, పెద్ద డబరాలో వండేసినాను."

"వండేసినావా?"

"వండి పెట్టినాను అందురికీ. ఆ దినం ఈ బస్టాండులో ఏ బస్సూ టైముకు కదల్లేదు. కృష్ణగిరి బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి వచ్చి మూడుసార్లు పెట్టించుకున్నాడు. కంట్రోలరు మైకులో బస్సుల పేర్లు చెప్పేది మానేసి చెయ్యి నాకతాండాడు. ఎవురు పంపినారో గాని ఆ యమ్మ సేను సల్లంగుండాల అని అందురూ అనుకున్నాము."

మా అక్క మూడువారాలుగా ఎదురు చూస్తున్న మాట ఇరవైమంది డ్రైవర్ల నోట వచ్చి గాలిలో కలిసిపోయి ఉంది. అది చేరాల్సిన చోటికి చేర్చేవాడు లేక. నేను ఆమె దగ్గర ఒక టీ తాగి, ఆ దీవెన మళ్లీ చెప్పించుకొని, దాన్ని ఫోనులో రికార్డు చేసుకొని చెల్లెలింటికి నడిచినాను.

గడపలోనే నిలబడినాను. చెప్పులు కూడా విప్పలేదు. చెల్లెలు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. గుండె దిటవు చేసుకొని మొదలుపెట్టినాను. "అమ్మా, అక్క మరవలేదు. నువ్వు నిర్లక్ష్యం చెయ్యలేదు. తప్పంతా ఈ బొటనవేలిది. తొలికోత గోతం వచ్చింది, ఈ ఊరి బస్టాండులో రెండు రోజులు నీకోసం కూర్చుంది. నీకు ఒక్కమాట చెప్పమని అక్క నాకు చెప్పింది. నేను ఆ మాటను గులాబీల కింద పూడ్చిపెట్టినాను. శిక్ష వెయ్యి" అని చేతులు చాచి నిలబడినాను. నా గొంతు ఆ వీధి చివరిదాకా వినిపించింది. ఎదురింటివాళ్లు బయటికి వచ్చినారు. చెల్లెలు కండ్లు తుడుచుకొని, "అన్నా, నీలో ఇంత నిజాయితీ ఉండాదని నాకు తెలీదే" అని, రెండు నిమిషాల్లో బట్టల సంచి తీసుకొని బయల్దేరింది.

పుంగనూరులో మేము దిగేసరికి అక్క బస్టాండుకే వచ్చి ఉంది. పక్కన బావ. ఇద్దరూ కావలించుకుంటారని నేను కండ్లు తుడుచుకునేదానికి తువ్వాలు కూడా తీసి పెట్టుకున్నాను. ఏమి కావలించుకునేది! చెల్లెలి కాలు నేల మీద ఆనిందో లేదో మొదలైంది.

"ఏమే, గోతం రాకపోతే యాల రాలేదని ఒక ఫోను చేస్తే నీ నోరు అరిగిపోతాదా?"

"నువ్వు చెయ్యగూడదా? పెద్దదానివి. ఎక్కించినానే సెల్లీ అని ఒక్కమాట!"

"బొమ్మ ఏసినాను కదా!"

"బొమ్మ! బస్సు బొమ్మ సూసి నేనేం కుంకుమ పెట్టి పూజ చేసేదా? దీపాలు మాత్రం బాగా పెట్టినావులే స్టేటస్‌లో."

"నువ్వు పెట్టలేదా పిట్టలు? తీగమీద పిట్ట! తోక లేని పిట్ట!"

"అది తోకలేని పిట్ట కాదక్కా, నీకు కన్ను కనపడలేదు. దానికి తోక ఉండాది."

అక్క నవ్వేసింది. నవ్వినాక ఇంకేముంది. బస్టాండు నుంచి పల్లె దాకా ఆటోలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినారు, ఒకరు చెప్పేది ఇంకొకరు వినకుండా, మధ్యలో ఒకరి మాటకు ఒకరు సమాధానం కూడా చెప్పుకుంటూ. అది ఎట్లా సాధ్యమో నాకు ఈనాటికీ తెలియదు. అక్క ఫోను మోగింది, ఎత్తలేదు. చెల్లెలి ఫోను మోగింది, అదీ ఎత్తలేదు. నా ఫోను మోగితే ఇద్దరూ ఒక్కసారి తిరిగి చూసినారు. నేనే కట్టేసినాను.

చేనులోకి నేరుగా పోయినాము. సాయంత్రానికి వలవడం, నానబెట్టడం. మరునాడు పొద్దున ముంతెడు గింజలు పితికే పని నాకు శిక్షగా పడింది, ఏ బొటనవేలు తప్పు చేసిందో ఆ వేలితోనే. నిజానికి నేను పితికింది నాలుగు బస్తాలు. సంగటి ముద్ద నడుమ గుంటచేసి పప్పు పోసి అక్క మొదటి పళ్లెం చెల్లెలి చేతికి ఇచ్చింది. అందరం దాని నోటివైపు చూస్తున్నాము. బావ అయితే ఊపిరి కూడా తీసుకోవడం లేదు. ఒక ముద్ద మింగి, నాలుక చప్పరించి, "తిన్నానక్కా" అన్నది. ఆ మాట పూర్తి కాకముందే బావ పళ్లెం ముందుకు తోసినాడు. పద్నాలుగు గరిటెలు. తిన్నాక గోడకు ఆనుకొని, "ఇంక నన్ను సోమవారం దాకా లేపొద్దు" అన్నాడు. నాకు చేసిన ఆ ఫోను తీసేస్తే, మూడేండ్లలో ఆయన మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదే.

సోమవారం ఆపరేషను అయింది. చెల్లెలు మా ఇంట్లోనే మకాం పెట్టి రోజుకు ఆరుసార్లు చుక్కలు వేసింది. కట్టు విప్పినాక అక్క మొదట చూసింది చెల్లెలి మొగం. "ఏమే, ఇంత నల్లగయినావు?" అన్నది. "నీ కన్ను ఇప్పుడే బాగయింది, ఇంకా సరిగ్గా కుదరలేదులే" అన్నది చెల్లెలు. పక్కగదిలో మా ఆవిడ పడీపడీ నవ్వింది. ముగ్గురూ ఆ నెలంతా నా ఇంట్లో మాట్లాడిన మాటలకు గోడల సున్నం రాలింది.

గులాబీలు నేను పూర్తిగా మానలేదు. మానినానంటే మీరే నమ్మరు. ఇప్పుడు గ్రూపులో ఎవరైనా నోటిమాట పెడితే ముందు దాన్ని చివరిదాకా వింటాను, విన్నాక ఆ మనిషికే ఫోను చేసి "విన్నాను" అంటాను. మా అక్కకు ఇది కొత్త తలనొప్పి. "అబ్బోడా, తులసికి నీళ్లు పోసినానని చెప్పినా, దానికి గూడా ఫోను చెయ్యాల్నా?" అంటుంది.

ఇంక లెక్క తేల్చుకుందాము. గులాబీలు పెంచినాను. గరిటెలు పెంచినాను. నాలుగు బస్తాలన్నది నాలుగు గుప్పెళ్లు. కంట్రోలరు చెయ్యి నాకడం టీ అంగడామె పెంచింది, అది నా పద్దు కాదు. జిరాక్సు మిషను కాగితం కక్కింది నిజంగా నిజం, అది రోజూ కక్కుతుంది. ఇవన్నీ పెంపకాలే, లోపల గింజ ఉంది. గింజ లేకుండా నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే. చెల్లెలి గడపలో నేను చేసిన ప్రసంగం.

అట్లాంటిది జరగలేదు. నేను పోయేసరికి ఆమె బట్టల సంచి గడప పక్కన సిద్ధంగా ఉంది. జడ వేసుకొని, పూలు కూడా పెట్టుకొని ఉంది. "వచ్చినావా అన్నా, పోదాం పా. ఏమన్నా చెప్పాల్నా నాకు?" అని మొగంలోకి చూసి నవ్వింది. దారి పొడవునా నేర్చుకొని వచ్చిన ప్రసంగం ఉంది నా దగ్గర.

"ఏమీ లేదు" అన్నాను.

నేను బస్సెక్కిన పది నిమిషాలకే మా ఆవిడ కుప్పానికి ఒక ఫోను, పుంగనూరుకు ఒక ఫోను చేసిందంట. ఇద్దరితో ఏం చెప్పినావు, ఎట్లా చెప్పినావు అని నెల తర్వాత ధైర్యం చేసి అడిగినాను. అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఏముండాది చెప్పేదానికి? 'గోతం బస్సెక్కింది, ఈయన చెప్పేది మరిచిపోయినాడు, కుప్పంలో ఎవరికీ తెలీదు' అన్నాను. అంతే."

ఆ మాటలో ఎక్కడైనా పెంచేదానికి సందు దొరుకుతుందేమోనని అప్పటినుంచి వెతుకుతున్నాను. దొరకలేదు.